మెరకా, పల్లమా? – కొల్లేటి సీమలో కాలనీల చరిత్ర

మా వైపు ఊళ్ల పేర్లను వరసగా చదువుకుంటూ పోతే నేల చరిత్ర సగం తెలిసిపోతుంది. గుడివాకలంక, కోమటిలంక, ప్రత్తికోళ్ళలంక - వీటిలోని లంక అంటే నీటి నడుమ తేలిన మెరక. చెట్టున్నపాడు, శృంగవరప్పాడులలోని పాడు ఊరు అనే అర్థంలో ఉన్న పాత మాట. తాడేపల్లిగూడెంలో పల్లి, గూడెం రెండూ ఉన్నాయి. డెల్టా ముగిసి మెట్ట మొదలయ్యే అంచున వెలసిన చిన్న నివాసాన్ని ఆ పేరు ఇప్పటికీ గుర్తుచేస్తుంది. ఏలూరికి వస్తే పవరుపేట, రామచంద్రరావుపేట, నరసింహారావుపేట. ఆ తరువాత శాంతినగర్, అశోక్‌నగర్. ఆపైన లెక్కలేనన్ని కాలనీలు. ఇప్పుడు కాలనీ అన్న మాట కూడా పాతబడింది. లేఅవుట్ అంటున్నాం.

పేరు మారిన ప్రతిసారీ ఒక సమాచారం జారిపోతూ వచ్చింది. లంక అనగానే అది మెరక అని తెలుస్తుంది. పేట అనగానే అక్కడ ఏదో వర్తకమో, ఒక దాత పేరో ఉందని ఊహించవచ్చు. లేఅవుట్ అంటే నేల గురించి ఏమీ తెలియదు. కాగితం మీద గీసిన గీతలే తెలుస్తాయి. ఆ గీతలను గీసేటప్పుడు అక్కడ కాపురం ఉండబోయేవారిని ఎవరైనా అడిగారా, వారు అడిగితే ఎవరైనా విన్నారా అన్నది చాలాకాలంగా నన్ను వెంటాడుతున్న ప్రశ్న. ఈ టపా ఆ ప్రశ్నకు చరిత్రలో జవాబు వెతికే ప్రయత్నం.

డిజైన్ అన్న మాటకు తెలుగులో 'తీరు' అన్నది నాకు దగ్గరగా తోస్తుంది. ఇంటి తీరు, వాడ తీరు. తీరు అనగానే అందం గుర్తొస్తుంది కాని, కొల్లేటి సీమలో అందం తరువాతి సంగతి. నేల ఎంత ఎత్తున ఉంది, వానపడితే నీరు ఎటు పోతుంది, ఇంటి వెనక జానెడు పెరడు మిగిలిందా - ఇక్కడ వాడ తీరు అంటే ముందుగా ఇవి.

*

కృష్ణా డెల్టాకూ గోదావరి డెల్టాకూ నడుమ పూడకుండా మిగిలిపోయిన పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వంటి ఏళ్లూ, రెండు డెల్టాల మురుగుకాలువలూ ఇందులోకి దిగుతాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే. అది ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి సముద్రంలో కలుస్తుంది. చాలా వాకిళ్లలోంచి చుట్టాలు వచ్చి, ఒకే వాకిలిలోంచి వెళ్లవలసిన ఇల్లు లాంటిది ఈ సరస్సు.

కొల్లేటిని కొలిచే పద్ధతి కూడా వింతగా ఉంటుంది. ఎన్ని ఎకరాలు అని అడిగితే, ఏ కాంటూరు దగ్గర అని ఎదురుప్రశ్న వస్తుంది. సముద్రమట్టానికి 3 అడుగుల ఎత్తున కొలిస్తే విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు. 5 అడుగుల దగ్గర 308. 10 అడుగుల దగ్గర 901. అంటే ఏడడుగుల నీటిమట్టం తేడాకు సరస్సు ఆరున్నర రెట్లు పెరుగుతుంది. 1999లో ప్రభుత్వం 120వ నంబరు జీవోతో అభయారణ్యంగా ప్రకటించింది 5వ కాంటూరు వరకు. 2002లో రాంసర్ చిత్తడినేలల జాబితాలోకి ఎక్కింది 901 చదరపు కిలోమీటర్లు. ఈ రెండు అంకెల నడుమ ఉన్న నేల మీద ఊళ్లున్నాయి, చేలున్నాయి, చేపల చెరువులున్నాయి, ఇళ్లస్థలాలున్నాయి. అక్కడ ఒక్క అడుగు ఎత్తు ఒక కుటుంబానికి ఒక తరం ఆదా.

ఈ లెక్క పాత ఊళ్లకు కాంటూరు అన్న మాట రాకముందే తెలుసు. లంకల్లో ఇల్లు కట్టాలంటే ముందు దిబ్బ కట్టాలి. మట్టి తవ్విన చోట గుంట, పోసిన చోట ఇల్లు. గుంటలో నీళ్లు నిలిస్తే గొడ్లకూ గుడ్డలకూ పనికొస్తాయి. దిబ్బ మీద గోడ, గోడకు ఆనుకుని అరుగు, పక్కన గొడ్లపాక, గడ్డివాము, వలలు ఆరవేసుకునే చోటు. ఈ తీరును ఎవరూ కాగితం మీద గీయలేదు. నీరు గీసింది.

అలాగని పాతదంతా బంగారమని చెప్పను. మెరక ఎవరికి దక్కిందన్నది వేరే కథ. డెల్టా పల్లెల్లో మెరక నేల భూమి ఉన్నవారిది. దళితుల వాడలు ఊరికి దిగువన, చేల అంచున, నీరు ముందుగా చేరి చివరగా వదిలే చోట ఉండేవి. ఊరి తీరు మనిషి ఎత్తుపల్లాలను కూడా నేల మీద గీసింది. తరువాత వచ్చిన ప్రభుత్వ పథకాలు ఈ గీతను చెరిపివేస్తామని చెప్పాయి. ఎంతవరకు చెరిపివేశాయన్నది ముందు చూద్దాం.

*

ఏలూరు ఒక రకంగా నీటిలో పుట్టిన పట్టణమే. తమ్మిలేరు ఊరి దగ్గరకు వచ్చి రెండు పాయలై పట్టణాన్ని ఇరువైపులా చుట్టి కొల్లేటికి దిగుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి, బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయ్యాక, గోదావరి నుంచి ఒక కాలువ, కృష్ణ నుంచి ఒక కాలువ ఏలూరు దగ్గర కలుసుకున్నాయి. రెండు మహానదుల నీరు మనిషి తవ్విన కాలువలో కలిసిన చోటు ఇది. 1866లో ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడ్డాక ఏలూరు దానికి ముఖ్యపట్టణమైంది.

కాలువ తెచ్చిన సిరి గురించి మనవాళ్లు చాలా రాశారు. కాలువ తెచ్చిన గట్టు గురించి తక్కువ రాశారు. సాగునీటి కాలువ నేలకంటే ఎత్తున నడవాలి. అందుకు గట్టు కావాలి. ఉత్తరాన మెట్టనుంచి దక్షిణాన పల్లానికి సహజంగా దిగే వాననీటికి ఆ గట్టు అడ్డం. అందుకే ఏళ్లు కాలువను దాటే చోట అక్విడెక్టులు కట్టారు. తాడేపల్లిగూడెం దగ్గర నందమూరు వద్ద ఏలూరు కాలువ కిందనుంచి ఎర్రకాల్వ దాటిపోయేది అలాంటి చోటే. ఎర్రకాల్వకు వరద వచ్చినప్పుడల్లా ఆ పాత అక్విడెక్టు దగ్గర నీరు ఎగదన్నుతోందని చుట్టుపక్కల రైతులు చెప్పే మాట ఇవాళ్టిది కాదు. 2024 జూలైలో కూడా ఎర్రకాల్వ పొంగి తాడేపల్లిగూడెం, నిడదవోలు వైపు చేలు మునిగాయి.

కాలువ గట్టు తరువాత రైలు కట్ట, ఆపైన రోడ్డు కట్ట, ఆపైన చేపల చెరువుల గట్లు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే దేని ప్రయోజనం దానికుంది. అన్నీ కలిపి చూస్తే పల్లానికి గోడలు లేచినట్టే. 1964 వరదల తరువాత డెల్టా మురుగునీటి సమస్యను పరిశీలించడానికి మిత్రా సంఘాన్ని వేశారు. 1968లో కృష్ణా గోదావరి డెల్టా ప్రాంతానికి ప్రత్యేకంగా డ్రైనేజి సెస్సు చట్టం వచ్చింది. నీరు తెచ్చినందుకు శిస్తు కట్టిన రైతు, నీరు పోయినందుకు కూడా పన్ను కట్టవలసివచ్చిందన్నమాట. ఈ సీమలో నీరు పోవడమన్నది ఊరికే జరిగే పని కాదని చట్టమే ఒప్పుకుంది.

1970లలో కొల్లేటి లోపల పేదల సహకార సంఘాలకు చేపల చెరువులు ఇచ్చారు. తరువాతి రెండు దశాబ్దాలలో ఆ చెరువులు పెట్టుబడి ఉన్నవారి చేతుల్లోకి వెళ్లి, గట్లు సరస్సు నడిబొడ్డుదాకా పెరిగాయి. 2006లో కొల్లేరు ఆపరేషన్ పేరుతో 5వ కాంటూరు లోపలి గట్లను తెగగొట్టారు. ఆ కథ పెద్దది, మరోసారి రాస్తాను. ఇక్కడ మనకు కావలసింది ఒక్కటే: గట్టు వేసేవాడు ఒకడు, మునిగేవాడు మరొకడు.

*

ఇప్పుడు 1914కు వెళదాం. ఆ సంవత్సరం పాట్రిక్ గెడెస్ అనే స్కాట్లండు పండితుడు మద్రాసు గవర్నరు పెంట్లండ్ ప్రభువు పిలుపు మీద మన దేశానికి వచ్చాడు. మొదట జీవశాస్త్రవేత్త. తరువాత పట్టణాలను కూడా జీవులుగా చూడడం మొదలుపెట్టినవాడు. తనతో ఒక పట్టణ ప్రణాళికా ప్రదర్శన తేదలచి పటాలూ చిత్రాలూ ఒక ఓడలో పంపాడు. ఆ ఓడను జర్మన్ల ఎండెన్ ముంచేసింది - మద్రాసు మీద గుళ్లు కురిపించి మన తాతల నోళ్లలో 'ఎండెను' అయిపోయిన ఆ యుద్ధనౌకే. మిత్రులు సేకరించి పంపిన కొత్త పటాలతో గెడెస్ 1915 జనవరిలో మద్రాసులో ప్రదర్శన పెట్టాడు. ఆపైన మద్రాసు రాష్ట్రంలోని పట్టణాలు తిరిగి నివేదికలు రాశాడు.

ఆయన చెప్పిన దాని సారాంశం ఇది. పటం గీసేముందు ఊళ్లో కాలినడకన తిరగాలి. వీధి, బావి, చెట్టు, గుడి, చెరువు, అరుగు - ఇవి అలా ఎందుకున్నాయో తెలుసుకోవాలి. రోగం ఉన్న చోటే కత్తి పెట్టాలి తప్ప, తిన్నని రోడ్డు కోసం పేటలను నరికెయ్యకూడదు. ఊరి నుంచి తరిమేసిన పేదవాడు ఇంకో మూల ఇంకా ఇరుకుగా చేరతాడు కనుక, కూల్చడం వలన ఇరుకు పోదు. నూరేళ్లు దాటిన ఈ మాటల్లో ఇవాళ కొట్టిపారెయ్యదగింది నాకు కనిపించలేదు.

1920లో మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది. ఆంధ్రలో అది రాష్ట్రం మారినా చాలాకాలం చెల్లుబాటైంది. దాని ప్రకారం పురపాలక సంఘం ఒక స్కీము తయారుచేస్తే దాన్ని ప్రచురించాలి, అభ్యంతరాలు, సూచనలు వినాలి, ఆ తరువాతే ప్రభుత్వం ఆమోదించాలి. అంటే 'మా పేట తీరు ఇలా ఉండకూడదు' అని అడిగే హక్కు కాగితం మీద మనకు నూరేళ్లకు పైబడి ఉంది.

సరిగ్గా అదే కాలంలో మద్రాసు ప్రభుత్వం మరో పని కూడా మొదలుపెట్టింది. లేబర్ కమీషనరు అనే అధికారిని నియమించి, అప్పట్లో అణగారిన వర్గాలనబడిన వారికి ఇళ్లస్థలాలు సేకరించి ఇవ్వడం ఆరంభించింది. తంజావూరు వైపు మొదలైన ఈ పని 1920లలో కృష్ణా, గోదావరి జిల్లాలకూ వచ్చింది. భూస్వామి దొడ్డిలో, అతని దయ మీద గుడిసె వేసుకున్న కూలికి సొంత నేల దొరకడం చిన్న విషయం కాదు. ఆ పనికి నమస్కరించాలి.

అయితే ఇక్కడే దారి రెండుగా చీలింది. నా ఉద్దేశంలో తరువాతి నూరేళ్ల కథకు కీలకం ఈ చీలికే. పట్టణ ప్రణాళిక అనే దారిలో ఆస్తి ఉన్నవాడు ఉంటాడు. అతనికి నోటీసు వస్తుంది, అభ్యంతరం చెప్పవచ్చు. ఇళ్లస్థలం అనే దారిలో పేదవాడు ఉంటాడు. అతనికి పట్టా వస్తుంది, తీసుకోవచ్చు. భూసేకరణ చట్టానికి 1923లో చేసిన సవరణ అభ్యంతరం వినాలని చెప్పింది. కాని ఎవరి అభ్యంతరం? భూమి పోయేవాడిది. ఆ భూమిలో కాపురం ఉండబోయేవాడి మాట వినాలని ఏ సెక్షనూ అనలేదు. 2013 నాటి కొత్త భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అధ్యయనాన్ని తెచ్చింది. అదీ ప్రధానంగా నష్టపోయేవారి కోసమే. అందులోనూ పేదల ఇళ్లకు భూమి తీసుకునే సందర్భాలను ఆ అధ్యయనం నుంచి మినహాయించే వీలు 2018లో మన రాష్ట్రం చేసిన సవరణలో ఉంది. పేదల ఇల్లు అనగానే తొందర గుర్తొస్తుంది గాని ఆలోచన గుర్తురాదు.

*

తరువాతి దశాబ్దాలను త్వరగా దాటేస్తాను. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1980లలో బలహీనవర్గాల పక్కా ఇళ్లు ఊరూరా లేచాయి. 2006లో ఇందిరమ్మ పథకం వచ్చింది. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారింది, గోడ రంగు మారింది. మారనిది ఒకటుంది. భూమి చవకగా ఎక్కడ దొరికితే అక్కడ కాలనీ. చవకగా దొరికేది పల్లపు చేను. దళితవాడ ఊరికి దిగువన ఉండడానికి కారణం కులం. కొత్త కాలనీ ఊరికి దిగువన ఉండడానికి కారణం ధర. వానాకాలంలో రెండింటికీ తేడా తెలియదు.

2016 తరువాత పట్టణాలలో టిడ్కో ఇళ్లు మొదలయ్యాయి. ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ ఉన్నాయి. మూడంతస్తుల పైన మరొకటి కాకుండా, కింద ఒకటి, పైన మూడు. 300, 365, 430 చదరపు అడుగుల మూడు రకాలు. గోడలన్నీ అచ్చుల్లో పోసిన కాంక్రీటువే; షియర్‌వాల్ అంటారు. గట్టితనానికి వంక పెట్టలేం. తుఫానుల సీమలో అది గొప్ప గుణమే. కాని ఆ గోడే ఇంటి బరువు మోస్తుంది కనుక, దానిలో రేపు ఒక కిటికీ పెంచుకోవడానికి లేదు, గది కలుపుకోవడానికి లేదు. మన పాత ఇల్లు బిడ్డల పెళ్లిళ్లతో పెరిగేది. పంచ గది అయ్యేది, గది దాబా అయ్యేది. ఈ ఇల్లు మొదటి రోజున ఎంతో చివరి రోజునా అంతే. 2019లో ప్రభుత్వం మారాక ఈ నిర్మాణాలు నిలిచి, తరువాత విడతలుగా పంచారు. మధ్యలో చాలామంది వాటా కట్టి, అద్దె ఇంట్లోనే ఉండి ఎదురుచూశారు.

ఇక 2020. ఆ అక్టోబరులో తమ్మిలేరు పొంగి ఏలూరు శివారు ప్రాంతాలను ముంచింది. మూడు నెలలు తిరగకుండా, డిసెంబరు 25న, రాష్ట్రమంతటా ఇళ్లస్థలాల పట్టాల పంపిణీ మొదలైంది. 30 లక్షలకు పైగా పట్టాలు. పట్టణాలలో ఒక సెంటు, గ్రామాలలో ఒకటిన్నర సెంటు. పదిహేడు వేలకు పైగా లేఅవుట్లు. ఇంత పెద్ద పంపిణీ మన చరిత్రలో లేదు. అద్దె ఇంట్లో బతికిన ఆడమనిషి పేరున ఒక కాగితం రావడం ఎంత గొప్పదో ఆ కాగితం లేనివారికి తెలుస్తుంది.

ఇక లెక్క వేద్దాం. సెంటు అంటే 48.4 చదరపు గజాలు, అంటే 435 చదరపు అడుగులు. ఇంటికి నిర్ణయించిన విస్తీర్ణం 340 చదరపు అడుగులు. మిగిలింది 95. అంటే ఇంటి చుట్టూ మూడువైపులా మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు, లేదా ఒకవైపున రెండు మంచాలు పట్టే చోటు. వలలు ఆరవేసే చోటు లేదు, గేదెను కట్టే చోటు లేదు, మునగచెట్టు వేసే చోటు లేదు. గ్రామంలో ఒకటిన్నర సెంటు అంటే 653 చదరపు అడుగులు. కొంచెం ఊపిరి ఆడుతుంది గాని, ఒక గేదె, ఒక గడ్డివాము చేరితే వాకిలి ఉండదు. కూలికి ఆస్తి అంటే నాలుగు గోడలు మాత్రమే అనుకున్నవారు గీసిన లెక్క ఇది. పెరడు కూడా అతని జీవనోపాధిలో భాగమని ఆ లెక్కలో ఎక్కడా లేదు.

నేల సంగతి సరేసరి. లేఅవుట్లలో మెరక చేయడానికే కోట్లు ఖర్చుపెట్టవలసి వచ్చిందంటే ఎంచుకున్న నేల ఎలాంటిదో తెలుస్తుంది. పైగా ఒక చోట మెరక చేస్తే ఆ నీరు పక్క వాడలోకి పోతుంది. అందరికంటే ప్రసిద్ధమైనది గోదావరి ఆవల, రాజమహేంద్రవరం దగ్గర బూరుగుపూడి ఆవ భూముల వివాదం. 'ఆవ' అన్న మాటలోనే ఉంది కదా సంగతంతా. నీరు నిలిచే పల్లాన్నే గోదావరి జిల్లాల్లో ఆవ అంటారు. అక్కడ ఇళ్లస్థలాలకని వందల ఎకరాలు సేకరించబోతే, అవి మునిగే భూములని కొందరు హైకోర్టుకు వెళ్లారు, ఆ పని ఆగింది. ఊరి పేరును చదవగలిగినవారు పటం గీసినవారిలో ఒక్కరున్నా ఆ ఖర్చూ ఆ వ్యాజ్యమూ ఉండేవి కావు.

*

2021 అక్టోబరు 8న హైకోర్టులో ఒక అపూర్వమైన సంగతి జరిగింది. సెంటు, సెంటున్నర స్థలాలు మనుషులు ఆరోగ్యంగా బతకడానికి చాలతాయా అన్న ప్రశ్నను జస్టిస్ ఎం. సత్యనారాయణమూర్తి ఏకసభ్య ధర్మాసనం తీర్పులో చర్చించింది. ఆ స్థలాలు చాలవని, నిపుణుల సంఘం వేసి అధ్యయనం చేయించేదాకా నిర్మాణం ఆపాలని చెప్పింది. నేను మళ్లీ మళ్లీ తలుచుకునేది ఫలితాన్ని గురించి కాదు, ప్రశ్నను గురించి. పేదల కాలనీ విషయంలో 'ఎవరికి ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు' అన్నది నూరేళ్లుగా కోర్టుల్లో ఉంది. 'ఇచ్చినదాని తీరు ఏమిటి' అన్నది అంత సూటిగా ముందుకు రావడం నాకు తెలిసినంతలో అదే.

ఆ ప్రశ్న ఎక్కువ కాలం నిలవలేదు. ప్రభుత్వం అప్పీలు చేసింది. పిటిషనర్లు తమ వ్యాజ్యాన్ని ఉపసంహరించుకున్నారు. సంవత్సరం ముగిసేలోపే ఆ తీర్పు రద్దయింది, పనులు మళ్లీ మొదలయ్యాయి. ప్రశ్నకు ఔననీ కాదనీ ఎవరూ జవాబు చెప్పలేదు. దాన్ని వెనక్కు తీసుకున్నారు, అంతే.

ఇక్కడ రెండోవైపు కూడా చెప్పకపోతే అన్యాయం. 'తీరు బాగాలేదు' అన్న మాట ఎప్పుడూ పేదవాడి పక్షానే పలుకుతుందని లేదు. అమరావతిలో ఆర్-5 జోను గొడవ గుర్తుండే ఉంటుంది. రాజధాని ప్రణాళికలో మార్పు చేసి బయటి ప్రాంతాల పేదలకు అక్కడ స్థలాలు ఇవ్వబోతే, ప్రణాళికను చెడగొడుతున్నారని భూములిచ్చిన రైతులు కోర్టుకెక్కారు. పేదలు రావడం ఇష్టంలేకే ఇదంతా అని అవతలివారు అన్నారు. 2023 మేలో సుప్రీంకోర్టు తుది తీర్పుకు లోబడి పట్టాలివ్వనిచ్చింది, ఆగస్టులో హైకోర్టు నిర్మాణాలను నిలిపింది. రెండు పక్షాల వాదాల్లోనూ బలం ఉండవచ్చు. కాని ఆ చర్చలో నాకు కనబడని మనిషి ఒకరున్నారు: పట్టా చేతబట్టుకుని, పని ఉన్న ఊరికి దూరంగా ఆ సెంటులో కాపురం పెట్టవలసిన మనిషి. అభ్యంతరాలు స్వీకరించారు. ఆమె అభ్యంతరం ఏ కాలమ్‌లో రాయాలి?

ఆ అమరావతిలోనే శాసనసభ భవనం తీరు గురించి జరిగిన చర్చను దీని పక్కన పెట్టి చూడండి. 2016లో జపాను వాస్తుశిల్పి ఫుమిహికో మాకి సంస్థ నమూనాను ఎంపిక చేస్తే, పొగగొట్టాల్లా ఉన్నాయని జనం నవ్వారు. దాన్ని పక్కనపెట్టి లండను నుంచి నార్మన్ ఫాస్టర్ సంస్థను తెచ్చారు. 2017లో సినీదర్శకుడు రాజమౌళి సలహా కూడా అడిగారు. జనాభిప్రాయం కోరారు. తప్పులేదు, అసెంబ్లీ అందరిదీ. కాని ఒక్క భవనం తీరు కోసం ఖండాలు దాటిన ప్రభుత్వాలు, లక్షల ఇళ్ల తీరు కోసం ఒక్క వాడలో చెట్టుకింద కూర్చుని వినలేదన్నది మాత్రం వాస్తవం.

*

2024లో మళ్లీ అధికారం మారింది. పట్టణాలలో రెండు సెంట్లు, గ్రామాలలో మూడు సెంట్లు ఇస్తామన్నారు. సెంటు కంటే రెండు మెరుగు, సందేహం లేదు. అదే ఏడాది సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ రోజుల తరబడి నీటిలో ఉండిపోయింది. ఆ నీరే దిగువకు వచ్చి కొల్లేటిలో చేరింది, లంక గ్రామాలకు రాకపోకలు తెగిపోయాయి. ఎన్ని సెంట్లు అన్న అంకెకు ఆ వరద ఏమీ పట్టింపు ఇవ్వలేదు. మూడు సెంట్ల పల్లం కంటే సెంటు మెరక నయమని లంకల్లో ఏ ముసలివారైనా చెప్పగలరు. ఆ ముసలివారిని అడిగే పద్ధతి మాత్రం ఇంకా మన ప్రభుత్వాలకు అలవడలేదు.

అడగడానికి కొత్త చట్టం కూడా అక్కరలేదేమో. లేఅవుట్ పటం మీద సర్వే నంబర్ల పక్కన నేల ఎత్తు కూడా రాసి, గత వరదల్లో నీరు ఎంతవరకు వచ్చిందో ఒక గీత గీసి, పంచాయతీ గోడకు అతికించమనండి. మురుగు ఏ బోదెలోకి, ఆ బోదె ఏ డ్రెయినులోకి, ఆ డ్రెయిను ఏ ఏటిలోకి పోతుందో తెలుగులో రాయమనండి. లబ్ధిదారుల జాబితా చదివే గ్రామసభలోనే ఆ పటాన్ని కూడా చదవమనండి. జాబితాలో పేరున్నవారు ఆ రోజు నోరు తెరిచి 'ఇది ఆవ, ఇక్కడ వద్దు, అదిగో ఆ దిబ్బవైపు ఇవ్వండి' అంటే, ఆ మాట మినిట్స్ పుస్తకంలో ఎక్కితే, 1920లో చీలిన రెండు దారులు నూరేళ్ల తరువాతైనా కలిసినట్టవుతుంది. అలా అన్నందుకు జాబితాలోంచి పేరు పోదన్న నమ్మకం కూడా వారికి కలగాలి. అన్నిటికంటే కష్టమైనది అదే.

చదువరులలో కైకలూరు, ఆకివీడు, నిడమర్రు, భీమడోలు వైపు వారుంటే ఒక కోరిక. మీ ఊళ్లలో మెరకనూ పల్లాన్నీ చెప్పే పాత పేర్లు, చేల పేర్లతో సహా, మీకు తెలిసినవి వ్యాఖ్యల్లో రాయండి. ఆవ, లంక, దిబ్బ, పాడు, కోడు - ఇలాంటివి. ఆ మాటలన్నీ ఒకచోట చేరితే, ఈసారి పటం గీసేవారి ముందు పెట్టడానికి మన దగ్గర కూడా ఒక పటం ఉంటుంది.